పసుపు గడి తాళం

వరంగల్

చిరంజీవి బంగారు తల్లికి తాత ఆశీర్వదించి రాయునది. వేళకు తింటున్నావా బిడ్డా? రాత్రి పన్నెండింటి దాకా స్క్రీన్ ముందే కూర్చుంటున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి మీ నాయనమ్మకు ముద్ద దిగడం లేదు. పని ఎంత ఉన్నా కళ్లకు కాస్త విశ్రాంతి ఇవ్వు తల్లీ.

సద్దుల బతుకమ్మకు వచ్చి పోయినప్పటి నుంచి నీ మాటే మనసులో తిరుగుతున్నది. ఆ రోజు మీ నాయనమ్మ తాంబాళంలో తంగేడు పూలు పేరుస్తుంటే, నువ్వు నా పక్కన చేరి ల్యాప్‌టాప్ తెరిచావు. "తాతా, నీకొకటి చూపిస్త" అన్నావు. ఎక్సెల్ షీటు నిండా గడులు. వాటిలో కొన్ని అచ్చం ఆ తంగేడు పూల రంగులో ఉన్నాయి. నువ్వు ఒక్క మీట నొక్కగానే పసుపు గడులకు మాత్రం తాళం ఊడింది, మిగిలినవన్నీ బిగుసుకున్నాయి. మీ ఆఫీసులో నలభై మంది రోజూ అంకెలు నింపే షీటట అది. ఎవరో ఒకరు తెలియక ఫార్ములా మీద అంకె కొట్టి లెక్కంతా పాడు చేస్తుంటే, రెండు రాత్రులు కూర్చుని, ఎక్సెల్ తనంతట తానే ఈ పని చేసేట్టు ఆ మ్యాక్రో రాశానన్నావు. నీ ముఖంలో వెలుగు చూస్తే నా కడుపు నిండింది. "శెబాష్ బిడ్డా" అన్నాను. తర్వాత ఎందుకో నోట మాట రాలేదు. "ఏంది తాతా, నచ్చలేదా?" అని అడిగావు. నచ్చకపోవడం కాదు తల్లీ. ఆ పసుపు గడిని చూడగానే నాకు ఇంకొక పసుపు గడి గుర్తొచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నీకు చెప్తున్నాను. ఈ లేఖను పత్రికలో వేయమని ఇవ్వడం ఎందుకంటే, నీలాంటి పిల్లలు ఇప్పుడు ప్రతి ఆఫీసులో, ప్రతి దుకాణంలో ఇదే పని చేస్తున్నారు. నా మనవలు కాని వాళ్లూ నాకు మనవలే.

నా జీవితంలో ముప్పై ఎనిమిదేళ్లు ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం గుమస్తాగానే గడిచాయని నీకు తెలుసు. పత్తి, మిర్చి, పసుపు, మక్కలు ఏ కాలానికి ఆ పంట వచ్చేది. మిర్చి సీజన్‌లో తెల్లవారకముందే యార్డు ఎర్రబడేది. జెండా పాట అనే వేలం అయ్యి, కాంటాలు మొదలయ్యాక, కాంటా వేసే దడువాయి తూకం చెప్తుంటే నేను రాసుకునేవాణ్ని. బస్తాలు ఎన్ని, తూకం ఎంత, తరుగు ఎంత, క్వింటాలుకు ధర ఎంత, అడ్తి కమీషన్, హమాలీ, దడువాయి, చాట కూలి పోను రైతు చేతికి వచ్చేది ఎంత. ఇవన్నీ ఒక చిన్న కాగితం మీదికి ఎక్కేవి. అదే తక్‌పట్టీ. రైతు ఏడాది కష్టం ఆ కాగితం అడుగున ఉన్న ఒక్క అంకె అయ్యేది. చదువు రాని రైతు ఆ కాగితాన్ని మడిచి బనియన్ జేబులో పెట్టుకుని నా ముఖం వంక చూసేవాడు. కాగితాన్ని కాదు, రాసిన మనిషిని నమ్మి ఇంటికి పోయేవాడు.

ఆ రోజుల్లో మా దుకాణంలో రెండు రకాల పుస్తకాలు ఉండేవి. ఒకటి కచ్చా చిట్టా. కాంటా దగ్గర పెన్సిల్‌తో గబగబా రాసుకునేది, కొట్టివేతలు ఉండేది, తప్పులు దిద్దుకునేది. రెండోది పక్కా ఖాతా. ఎర్ర గుడ్డ అట్ట, దీపావళికి లక్ష్మీపూజ చేసి కొత్తది తెరిచేవాళ్లం. సిరాతో తప్ప దాంట్లో రాయకూడదు. తప్పు పడితే గోకి చెరపకూడదు. తప్పు అంకె మీద ఒకే ఒక అడ్డగీత గీయాలి, కింద పాత అంకె కనిపిస్తూనే ఉండాలి. పైన సరైన అంకె, పక్కన దిద్దినవాడి పొడి అక్షరాలు. కొత్తగా చేరిన కుర్రవాడు రెండేళ్లు కచ్చా చిట్టా మీదే చెయ్యి తిప్పాలి. పెద్ద గుమస్తా పక్కన కూర్చుని, చూసి, అడిగి, తిట్లు తిని నేర్చుకున్నాకే ఒకనాడు "ఇగ పక్కా పుస్తకం రాయి" అనేవాళ్లు. నాకా మాట అన్ననాడు ఇంటికి పోయి మా నాయినకు చెప్తే, ఆయన ఏమీ అనకుండా లేచి మిఠాయి తెచ్చాడు. ఆయన ఆజంజాహీ మిల్లు కార్మికుడు. 1934లో కట్టిన ఆ మిల్లు ఈ ఊరికి అన్నం పెట్టిన తల్లి. "మగ్గం మీద నూలు తెగితే ముడేస్తం. ముడిని దాచం. తాను చూసేటోడికి అది ఎక్కడున్నదో తెల్వాలె" అనేవాడు. నా లెక్కలకు కూడా ఆ మాటే వర్తిస్తుందని ఆయన ఉద్దేశం. నేను దాన్ని సగమే విన్నాను. మిగతా సగం ఎక్కడ తప్పానో తర్వాత చెప్తాను.

ఇప్పుడు నువ్వు చేసిన పని చూడు బిడ్డా. అదీ కచ్చా, పక్కాల సంగతే. నువ్వు ఆ రోజు ఓపికగా నాకు వివరించావు. ఎక్సెల్‌లో ప్రతి గడికీ పుట్టుకతోనే 'లాక్డ్' అని టిక్కు ఉంటుందట. కానీ షీటును ప్రొటెక్ట్ చేసేదాకా ఆ టిక్కుకు బలం లేదట. తలుపుకు గడియ బిగించి ఉండీ వేయకపోవడం లాంటిదన్నమాట. అందుకే ముందు నింపాల్సిన గడులకు ఆ టిక్కు తీసేసి, తర్వాత షీటుకు తాళం వేయాలి. గడులు పది ఉంటే చేత్తో చేసుకోవచ్చు, వందలు ఉంటే చెయ్యి తిరగదు. అందుకని మ్యాక్రోకు చెప్పావు: వాడుకలో ఉన్న ప్రతి గడి దగ్గరికీ పో, దాని రంగు చూడు, పసుపైతే తాళం తియ్యి, కాకపోతే వెయ్యి, చివర షీటును మూసెయ్యి. షీటు మొత్తం తిరగమంటే 10,48,576 వరుసలు, 16,384 నిలువులు, అంటే 1,700 కోట్లకు పైగా గడులు. అందుకే వాడిన మేరకే తిరగమన్నానన్నావు. ఆ తెలివి చూసి మురిసిపోయాను. మార్చకూడని అంకెను ఎవరూ మార్చలేని చోట పెట్టాలన్న కోరిక ఈ నేలకు కొత్తది కాదు. మన ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి, సముద్రం మీద వచ్చే వర్తకులు కట్టాల్సిన సుంకాలు రాతి మీద చెక్కించాడు. సుంకం తీసుకునేవాడు తన ఇష్టం వచ్చినంత అడగకుండా ఆ కాలం వేసిన తాళం అది. కానీ ఆ రాతి మీద అంకెతో పాటు ఇంకొకటి కూడా ఉంది తల్లీ. ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు, ఎందుకు చెప్తున్నారు అన్నది కూడా చెక్కి ఉంది. నా గుండెలో దిగులు అక్కడే ఉంది.

ఇక నా సంగతి చెప్తాను. 2008 మిర్చి సీజన్. అప్పటికే మా దుకాణంలో తక్‌పట్టీలు కంప్యూటర్ మీదికి ఎక్కాయి. లెక్క గడులన్నీ ఫార్ములాలతో కట్టింది ఒక కుర్రవాడు. అతనూ నీలాగే చురుకైనవాడు. అంకె నింపాల్సిన గడులకు పసుపు వేసి, పసుపు గడులకే తాళం తీసే మ్యాక్రో రాసిపెట్టాడు. పొద్దున ఒకసారి దాన్ని నడిపితే రోజంతా ఎవరు కూర్చున్నా తప్పు చోట చెయ్యి పడేది కాదు. ఒకనాడు కూలి రేట్లు మారాయి. సాయంత్రం షీటు తాళం తీసి కొత్త రేట్లు ఎక్కించాం. అన్నీ కలిపి బస్తాకు 12 రూపాయలు. ఆ గడి ఫార్ములా సరిగ్గా ఉందో లేదో రేపొకసారి చూసుకోవాలని, గుర్తు కోసం నేనే దానికి పసుపు పూశాను. కాగితం పుస్తకాల్లో అది నా చిరకాలపు అలవాటు. అనుమానం ఉన్న అంకె పక్కన పసుపు చుక్క పెట్టేవాణ్ని. ఆ చుక్కకు అర్థం ఏమిటో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియజెప్పాలని కూడా నాకు ఎన్నడూ తోచలేదు.

తెల్లవారి కుర్రవాడు ఎప్పటిలాగే మ్యాక్రో నడిపాడు. ఆ యంత్రానికి నా అనుమానం తెలియదు కదా బిడ్డా. పసుపు చూసింది, తాళం తీసింది. టైపు చేసే అతను పసుపు కనిపించింది కాబట్టి అక్కడ అంకె కొట్టాలనుకున్నాడు. అప్పుడు కాంటా మీద ఉన్నవి 61 బస్తాలు. లెక్క కట్టి 732 అని కొట్టాడు. అంకె సరైనదే. కానీ కింద ఉన్న ఫార్ములా పోయింది. తర్వాత అతను అన్నానికి లేచాడు. ఆ సీట్లోకి వచ్చిన ఇంకొకతనికి, ఆ గడి దానంతట అదే నిండుతుందని తెలుసు. అందుకని దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత వచ్చిన పదకొండు తక్‌పట్టీల మీదా కూలి 732 రూపాయలే పడింది. పద్నాలుగు బస్తాలు తెచ్చిన రైతుకూ 732. ఆయనకు పడాల్సింది 168. అంటే 564 రూపాయలు ఆయన చేతికి తక్కువ వెళ్లాయి. ఒక్కరూ అడగలేదు. కంప్యూటర్ లెక్క కదా, తప్పెట్లుంటుంది అనుకున్నారు. సాయంత్రం హమాలీ ముఠాకు ఇచ్చే కూలితో సరిచూస్తే లెక్క తేలలేదు. అప్పుడు బయటపడింది.

ఆ పదకొండు మందిలో ఒకరికి లాభం వచ్చింది, పదిమందికి నష్టం జరిగింది. యజమానికి చెప్తే "అడిగినోళ్లకు ఇద్దాం" అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. ఆ వారంలో మళ్లీ సరుకు తెచ్చిన ఆరుగురికి సరిచేసి ఇచ్చాం. ముగ్గురు మళ్లీ మా దుకాణానికి రానే లేదు. మిగిలిన ఒకాయన పరకాల వైపు రైతు, ఆ పద్నాలుగు బస్తాల మనిషి. మరుసటి ఏడాది వచ్చాడు. ఆయన తక్‌పట్టీలో 'పాత బాకీ' అని 564 రూపాయలు కలిపి ఇచ్చాను. ఏం బాకీయో చెప్పలేదు. ఆయన రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "నేను మర్చిపోయిన పైసలు యాది పెట్టుకొని ఇస్తున్నవ్ సారూ" అన్నాడు. ఆ దండం నేను తీసుకున్నాను బిడ్డా. పక్కా ఖాతాలో తప్పు అంకె మీద గీత గీసి పొడి అక్షరాలు వేయమని పదిమందికి చెప్పినవాణ్ని, నా తప్పును గోకి చెరిపేశాను. ముడి దాచాను. ఇన్నేళ్లుగా నన్ను కొరుకుతున్నది ఆ 564 రూపాయలు కాదు, ఆ దండం.

అందుకే నీ మ్యాక్రో గురించి నాలుగు మాటలు చెప్తాను, మనసు పెట్టి విను. మొదటిది, కంటికి కనిపించే పసుపు వేరు, యంత్రానికి కనిపించే పసుపు వేరు. ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం సున్నా కలిస్తే దానికి 65535 అన్న ఒక అంకె. అదే రంగు కొంచెం లేతగా పడి నీలం 153 అయితే 10092543 అన్న వేరే అంకె. నీ పక్క సీటు అమ్మాయి వేసిన లేత పసుపు నీకూ ఆమెకూ ఒకటే, మ్యాక్రోకు మాత్రం ముక్కూ ముఖం తెలియని కొత్త మనిషి. ఇక కండిషనల్ ఫార్మాటింగ్‌తో వచ్చే పసుపు ఉందే, అది పైపూత. గడి సొంత రంగును అడిగితే మ్యాక్రోకు అది కనబడనే కనబడదు. కనిపించే రంగును చదవాలంటే ఎక్సెల్ 2010 నుంచి వచ్చిన డిస్‌ప్లేఫార్మాట్‌ను అడగాలి. ఇంకొకటి, ఎవరైనా వేరే చోటి నుంచి గడిని కాపీ చేసి మామూలుగా పేస్ట్ చేస్తే అంకె ఒక్కటే రాదు. దాని రంగూ, దాని తాళమూ వెంట వస్తాయి. అందుకని విలువలు మాత్రమే పేస్ట్ చేయమని నీతో పనిచేసే నలభై మందికీ నేర్పు.

రెండోది, ఈ తాతకు కన్నీళ్లు మిగిల్చిన మాట. మ్యాక్రోలో ఒక వరుస చేర్చు తల్లీ. గడిలో ఫార్ములా ఉంటే, దాని రంగు ఏదైనా సరే, తాళం తీయవద్దని చెప్పు. పసుపూ ఉండి ఫార్ములా కూడా ఉన్న గడి కనబడితే ఆగి, మనిషిని అడగమని చెప్పు. 2008లో ఆ ఒక్క వరుస ఉంటే, పదిమంది రైతుల పైసలు ఆ పూటే వాళ్ల చేతిలో పడేవి. మ్యాక్రో నడిచాక ఏయే గడులు తెరిచిందో ఒక చోట జాబితా రాసేట్టు కూడా చెయ్యి. మ్యాక్రో చేసిన పనిని కంట్రోల్ జెడ్ కొట్టి వెనక్కి తిప్పలేవని నువ్వే అన్నావు కదా, కాబట్టి నడిపే ముందు ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకో. మధ్యలో ఏదో తప్పు తగిలి మ్యాక్రో ఆగిపోతే, తెరిచిన షీటు తెరిచినట్టే ఉండిపోతుంది. తాళం తీసి లోపలికి పోయినవాడు స్పృహ తప్పితే తలుపు ఎవరు మూస్తారు? ఎక్కడ ఆగినా మళ్లీ తాళం వేసే బయటికి వచ్చేట్టు రాయి.

మూడోది, రంగుకు పెత్తనం ఇవ్వకు. ఎక్సెల్‌లో సెల్ స్టైల్స్ అని ఉన్నాయి కదా. వాటిలో 'ఇన్‌పుట్' అన్న స్టైల్ ఒకటి ఉంది. స్టైల్‌లో రంగుతో పాటు తాళం సంగతి కూడా పెట్టుకోవచ్చు. 'ఇక్కడ అంకె నింపాలి' అన్న అర్థంతో ఒక స్టైల్, 'ఇది మళ్లీ సరిచూడాలి' అన్న అర్థంతో ఇంకొకటి చేసుకో. మ్యాక్రోను రంగు చూడమనకు, స్టైల్ పేరు చూడమను. పేరు అంటే అర్థం. రంగు అంటే పూత. పూత ఎవరైనా పూయగలరు. అర్థం మాత్రం కూర్చుని మాట్లాడుకున్నవాళ్లకే తెలుస్తుంది. షీటు పైపై అలంకారాన్ని నమ్ముకుంటే ఎంత పెద్దవాళ్లయినా దెబ్బ తింటారు. మా దుకాణంలో ఈ సంగతి జరిగిన అదే 2008లో, సెప్టెంబరు నెలలో, అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కుప్పకూలితే దాని ఆస్తుల్లో కొంత బార్‌క్లేస్ బ్యాంకు కొనడానికి వచ్చింది. తమకు వద్దనుకున్న 179 ఒప్పందాల వరుసలు ఎక్సెల్ షీటులో చెరిపేయలేదు, కనబడకుండా దాచి ఉంచారు. లాయర్ల ఆఫీసులో రాత్రివేళ హడావిడిగా దాన్ని పీడీఎఫ్ చేసేటప్పుడు ఆ దాచిన వరుసలు బయటికి వచ్చి, కొనే జాబితాలో చేరిపోయాయి. తర్వాత అవి తమకు వద్దని కోర్టుకు మొర పెట్టుకోవాల్సి వచ్చింది. అక్కడ దాచడం, ఇక్కడ పూయడం. రెండు చోట్లా మనిషి మనసులోని అర్థం షీటు మీద రాసి లేదు.

నాలుగోది, ఈ తాళం దొంగను ఆపే తాళం కాదు, పొరపాటును ఆపే తాళం. షీటు ప్రొటెక్షన్ భద్రత కోసం పెట్టింది కాదని దాన్ని చేసిన మైక్రోసాఫ్టే చెప్తుంది. మ్యాక్రోలో నువ్వు పాస్‌వర్డ్ రాసి పెడితే, ఆల్ట్ ఎఫ్ 11 నొక్కి కోడ్ తెరిచినవాళ్లు దాన్ని చదువుకోవచ్చు. కాబట్టి జీతాలు, ఆధార్ నంబర్లు, రోగుల వివరాలు లాంటివి ఉన్నచోట దీన్ని నమ్ముకోవద్దు. నిజాయితీగా పనిచేసే నలభై మంది చెయ్యి జారకుండా కాపాడడానికి మాత్రం ఇది చక్కని పని. ఆ పని చేసినందుకు నువ్వు నూరేళ్లు చల్లగా ఉండాలి.

ఇంత చెప్పాక, అసలు చేజారిపోతున్నది ఏమిటో కూడా చెప్పాలి. కాగితం పుస్తకాలు పోయాయని నాకు బాధ లేదు బిడ్డా. వాటిని చెదలు తిన్నాయి, వానకు తడిశాయి, దొంగ లెక్కలకూ అవి చోటిచ్చాయి. పోతున్నది ఏమిటంటే, ఒక అంకెను ముట్టుకునే అధికారం మనిషి చేతుల మీదుగా మనిషికి అందడం. ఆ రెండేళ్ల కచ్చా చిట్టా కాలంలో కుర్రవాడికి తెలిసేది కూడిక, తీసివేత కాదు. ఈ అంకె వెనుక ఎవరున్నారు, ఇది తప్పితే ఎవరి ఇంట్లో పొయ్యి చల్లబడుతుంది, దిద్దితే ఎవరికి చెప్పాలి అన్నది తెలిసేది. ఇప్పుడు ఆ అధికారాన్ని ఒక రంగు ఒక్క క్షణంలో ఇచ్చేస్తున్నది, ఒక్క క్షణంలో తీసేసుకుంటున్నది. గడి తెరుచుకుంది కాబట్టి అంకె కొడతారు, మూసుకుంది కాబట్టి ఊరుకుంటారు. ఎందుకు తెరుచుకుంది, ఎందుకు మూసుకుంది అని అడిగేవాళ్లు తగ్గిపోతారేమోనని నా భయం.

ఇందులో మీ తప్పు ఏమీ లేదు తల్లీ. నేర్పాల్సిన మేమే నేర్పలేదు. నా దగ్గర పనిచేసిన పిల్లలు "ఈ మొత్తం ఇక్కడికెందుకు తెస్తం సార్?" అని అడిగితే, "చెప్పింది రాయి" అన్నాను. నాకు తెలిసిన మెళకువ నా దగ్గరే ఉంటే నా విలువ నిలుస్తుందని అనుకున్నాను. నా పసుపు చుక్కకు అర్థం ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించి ఉంటే సరిపోయేది. ఆ కుర్రవాడు మ్యాక్రో రాసేటప్పుడు నన్ను పిలిచాడు, కూర్చోమన్నాడు. "నాకు కంప్యూటర్ తెల్వదు, నువ్వే చూసుకో" అని లేచి వచ్చేశాను. తెలియని చోట కూర్చుని నేర్చుకోవడానికి నాకు నామోషీ అడ్డొచ్చింది. లెక్క తెలిసినవాణ్ని నేను, యంత్రం తెలిసినవాడు అతను. ఇద్దరం ఒక్క పూట పక్కపక్కన కూర్చుని ఉంటే ఆ గడి తెరుచుకునేది కాదు. తర్వాత మాట అతని మీదికే వచ్చింది. సీజన్ మధ్యలోనే పని మానేసి వెళ్లిపోయాడు. పసుపు పూసింది నేనని అందరి ముందూ నేను చెప్పలేదు. ఎక్కడున్నా ఆ బిడ్డ సుఖంగా ఉండాలి. ఈ మాట అతని కంట పడితే నన్ను క్షమించాలి.

నువ్వు హైదరాబాద్ బస్సెక్కాక రెండు రోజులకు నేను పరకాల వైపు పోయి వచ్చాను. ఆ రైతు లేడు, కాలం చేసి నాలుగేళ్లు అయ్యిందట. కొడుకు ఉన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ అబ్బాయి కోపగించుకోలేదు. కాసేపు నేల చూసి, "గప్పుడే చెప్తే మా బాపు మిగిలిన చీటీలు గూడ తీసి చూసుకునేటోడు గద సారూ" అన్నాడు. ఇన్నేళ్ల గుమస్తాగిరీలో నాకు అర్థం కానిది ఆ ఒక్క మాటతో అర్థమైంది. తప్పు దిద్ది ఊరుకుంటే సరిపోదు. దిద్దిన సంగతి చెప్తేనే అవతలి మనిషికి తన లెక్క తాను చూసుకునే హక్కు మిగులుతుంది. గీత కింద పాత అంకె కనబడాలని పెద్దలు పెట్టిన నియమం అందుకే.

కాబట్టి బంగారు తల్లీ, నీ చదువు ఇంకా పెరగాలి, నీ చేతి పని పదిమందికి నీడ కావాలి. నీ పక్కన కూర్చున్న కొత్త పిల్లలు ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పు. నీకన్నా పెద్దవాళ్లు కంప్యూటర్ తెలియదని లేచి పోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు, వాళ్ల దగ్గర ఉన్న లెక్క నువ్వు తీసుకో, నీ దగ్గర ఉన్న యంత్రం వాళ్లకు ఇవ్వు. ఎప్పుడైనా నీ మ్యాక్రో వల్ల ఒక అంకె తప్పితే దిద్ది ఊరుకోకు, ఫలానా రోజు ఫలానా గడిలో తప్పు పడింది, నేను దిద్దాను అని అందరికీ చెప్పు. అందులో చిన్నతనం ఏమీ లేదు. నాకు చేతకాని ధైర్యం నీకు ఇమ్మని భద్రకాళమ్మకు మొక్కుకున్నాను.

ఇక ఒక్క కోరిక. ఈ లేఖ చదివాక నీ ఫైలులో అన్నిటికన్నా ముందు ఒక కొత్త షీటు పెట్టు. ఏ రంగుకు ఏం అర్థమో, ఏ గడులు ఎవరు నింపాలో, తాళం ఎందుకు వేశారో అందులో తెలుగులోనో ఇంగ్లీషులోనో నలుగురికీ అర్థమయ్యేట్టు రాయి. దాని అడుగున తేదీ వేసి, నీ పేరు రాయి బిడ్డా.

ఆశీస్సులతో,
మీ తాత